తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?

పెద్ద శక్తుల పోటీ మధ్య చిన్న దేశాల భద్రత.. 1798 హైదరాబాద్‌ నుంచి నేటి మాలే దాకా

ఇబ్రహీంపట్నం నుంచి కోచింగ్‌ కోసం రోజూ దిల్‌సుఖ్‌నగర్‌ బస్సెక్కే విద్యార్థులకు సాగర్‌ రోడ్డు కొట్టిన పిండి. శేరిగూడ, బొంగుళూరు గేటు, తుర్కయంజాల్‌, బీఎన్‌ రెడ్డినగర్‌.. స్టాపుల పేర్లు వరసగా అప్పజెప్పేస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌ దాటగానే వచ్చే మెట్రో స్టేషన్‌ మూసారాంబాగ్‌. ఈ మూసారాం ఎవరని మాత్రం చాలామంది ఎప్పుడూ అడిగి ఉండరు.

ఆయన అసలు పేరు మిషెల్‌ రేమండ్‌. ఫ్రాన్స్‌ నుంచి వచ్చి రెండో నిజాం, నిజాం అలీఖాన్‌ దగ్గర సేనానిగా ఎదిగాడు. ‘మాన్సియర్‌ రేమండ్‌’ అనే పిలుపే జనం నోళ్లలో నలిగి మూసారాం అయిందంటారు. ఆయన సమాధి అక్కడికి దగ్గర్లోనే, ఆస్మాన్‌గఢ్‌ గుట్ట మీద ఉంది. రేమండ్‌ 1798 మార్చి 25న చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరుకల్లా ఆయన తయారుచేసిన సైన్యం కూడా లేకుండా పోయింది. యుద్ధంలో కాదు, ఒక ఒప్పందంలో!

ఒక చిన్న రాజ్యం ఇద్దరు ముగ్గురు బలవంతుల మధ్య ఎలా బతకాలి అన్న ప్రశ్నకు మన గడ్డ మీదే దొరికే పాఠం ఇది. ఇవాళ మాల్దీవులు, శ్రీలంక, నేపాల్‌, భూటాన్‌ ఎదుర్కొంటున్నదీ అదే ప్రశ్న. సివిల్స్‌ జీఎస్‌-2లో ‘భారత్‌, పొరుగు దేశాలతో సంబంధాలు’ అని, గ్రూప్స్‌ తెలంగాణ చరిత్రలో ‘అసఫ్‌జాహీలు’ అని వీటిని మనం విడివిడిగా చదువుతాం. రెండింటినీ కలిపి చూస్తే బట్టీ కొట్టిన ఒప్పందాల పేర్లకు అర్థం తెలుస్తుంది.

మధ్యలో చిక్కిన హైదరాబాద్‌

‘చిన్న దేశం’ అంటే విస్తీర్ణం ఒక్కటే కాదు. వియత్నాం జనాభా దాదాపు 10 కోట్లు. అయినా చైనా పక్కన అది చిన్నదే. పక్కనున్న శక్తికీ తనకూ మధ్య తేడా ఎంత అన్నదే లెక్క. ఆ లెక్కన 18వ శతాబ్దం చివర్లో హైదరాబాద్‌ చిన్న రాజ్యం. పడమర మరాఠాలు, దక్షిణాన మైసూరు, తూర్పు తీరమంతా ఈస్టిండియా కంపెనీ. వీటి వెనక ప్రపంచమంతటా కొట్టుకుంటున్న ఇంగ్లండ్‌, ఫ్రాన్స్‌.

కోస్తా జిల్లాలు అప్పటికే చేజారాయి. 1753లో సలాబత్‌ జంగ్‌ ఉత్తర సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చాడు. సైన్యం ఖర్చుల కింద. 1759లో మచిలీపట్నం ఇంగ్లిష్‌వాళ్ల చేతికి చిక్కింది. 1766 ఒప్పందంతో సర్కార్లు కంపెనీ పరమయ్యాయి. అలా సముద్రానికి దారి మూసుకుపోయింది.

1790లో టిప్పు సుల్తాన్‌ మీద నిజాం, మరాఠాలు, కంపెనీ ఒక కూటమి కట్టారు. 1792లో టిప్పు నుంచి తీసుకున్న భూమిని ముగ్గురూ పంచుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి కథ మారింది. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలు నిజాంను ఓడించారు. నిన్నటి మిత్రుడైన కంపెనీ ఆదుకుంటుందని నిజాం ఆశపడ్డాడు. గవర్నర్‌ జనరల్‌ సర్‌ జాన్‌ షోర్‌ తటస్థంగా ఉండిపోయాడు. ఫలితంగా 3 కోట్ల రూపాయల పరిహారం, దౌలతాబాద్‌ కోటతో పాటు కొంత భూభాగం ఇవ్వడానికి నిజాం ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రధాని అరస్తు జా బందీగా పుణె వెళ్లాడు.

కూటమి అన్నది అవసరం ఉన్నంతవరకే అని ఖర్దా నేర్పింది. ఆ దెబ్బతో నిజాం రేమండ్‌ దళాన్ని పెంచాడు. ఇంగ్లండ్‌ శత్రువైన ఫ్రాన్స్‌ అధికారుల కింద హైదరాబాద్‌లో పది వేలకు పైగా శిక్షణ పొందిన సైన్యం తయారైంది. 1798లో కొత్త గవర్నర్‌ జనరల్‌ వెల్లస్లీ వచ్చాడు. అదే ఏడాది నెపోలియన్‌ ఈజిప్టులో దిగాడు. ఎక్కడి ఈజిప్టు, ఎక్కడి హైదరాబాద్‌! కానీ పెద్ద శక్తుల పోటీలో దూరాలు అలాగే చెరిగిపోతాయి. ఫ్రెంచి దళం ఉన్న హైదరాబాద్‌ కంపెనీకి ముప్పుగా కనిపించింది.

ఆ తర్వాత జరిగింది అర్థం కావాలంటే రాజ్యాన్ని ఒక ఇల్లు అనుకోండి. దానికి మూడు తాళాలు ఉంటాయి. ఒకటి సైన్యానిది, రెండోది ఖజానాది, మూడోది ఎవరితో మాట్లాడాలో తేల్చుకునే స్వేచ్ఛది. హైదరాబాద్‌ ఈ మూడు తాళంచెవులనూ ఒకదాని తర్వాత ఒకటి అప్పగించింది.

మొదటి తాళంచెవి: సైన్యం

1798 సెప్టెంబరు 1న సైన్య సహకార ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కంపెనీ ఆరు బెటాలియన్లను హైదరాబాద్‌లో ఉంచుతుంది. ఖర్చుకు నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. ఫ్రెంచి అధికారులను పంపించేయాలి. అక్టోబరులో రెసిడెంట్‌ కిర్క్‌పాట్రిక్‌, ఆయన సహాయకుడు జాన్‌ మాల్కం కంపెనీ పటాలాలతో ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టారు. జీతాల బకాయిల కోసం సిపాయిలు అప్పటికే తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి ఉన్నారు. రక్తం చిందకుండానే ఆయుధాలు కింద పెట్టారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రేమండ్‌ దళం కూడా నిజాం సొంత సైన్యం అనడానికి వీల్లేదు. సిపాయిలు ఇక్కడివాళ్లే అయినా నడిపించేది పరాయి అధికారులు. అంటే నిజాం ఒక అద్దె సైన్యం పోయి మరో అద్దె సైన్యం తెచ్చుకున్నాడు. రెండోదాన్ని మాత్రం వెనక్కి పంపడం ఆయన చేతిలో లేదు. 1806లో ఏర్పడిన సికింద్రాబాద్‌ ఆ పటాలం నివాసంగానే పెరిగింది. పేరు మాత్రం మూడో నిజాం సికందర్‌ జా ది.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ సింగపూర్‌. 1965 ఆగస్టు 9న మలేసియా నుంచి విడిపోయే నాటికి దాని భద్రత బ్రిటిష్‌ సైన్యం మీద ఆధారపడి ఉంది. ఆ సైన్యం ఎప్పటికీ ఉండదని గ్రహించి 1967లోనే యువకులకు నిర్బంధ సైనిక శిక్షణ మొదలుపెట్టారు. బ్రిటన్‌ దళాలు 1971లో వెళ్లిపోయేసరికి సొంత సైన్యం రూపు దిద్దుకుంటోంది. 1984లో ‘టోటల్‌ డిఫెన్స్‌’ విధానం తెచ్చారు. అంటే సైన్యమే కాదు, ఆర్థికం, సమాజం, ప్రజల మనోబలం అన్నీ రక్షణలో భాగమే. 1990 ఒప్పందంతో అమెరికా దళాలకు తమ స్థావరాలు వాడుకోనిచ్చారు. కానీ అమెరికాతో పరస్పర రక్షణ ఒప్పందం చేసుకోలేదు. చైనాతో వ్యాపారం ఆపలేదు. తలుపు తెరిచారు గానీ తాళంచెవి ఇవ్వలేదు.

ఇంకొకరి హామీని నమ్ముకుని కూర్చుంటే ఏమవుతుందో చెప్పడానికి ఉక్రెయిన్‌ ఉంది. 1994 బుడాపెస్ట్‌ ఒప్పందంలో అమెరికా, బ్రిటన్‌, రష్యా దాని సరిహద్దులను గౌరవిస్తామని మాట ఇచ్చాయి. ఉక్రెయిన్‌ తన నేల మీదున్న సోవియట్‌ అణ్వాయుధాలను వదులుకుంది. 2014లో క్రిమియాను కలిపేసుకున్నది ఆ మాటిచ్చిన మూడు దేశాల్లో ఒకటైన రష్యానే.

రెండో తాళంచెవి: ఖజానా

ఏటా 24 లక్షలు కట్టడం నిజాంకు భారమే. 1800 అక్టోబరులో కొత్త ఒప్పందం చేసుకున్నారు. పటాలం పెరిగింది. డబ్బుకు బదులు భూమి ఇచ్చేశారు. 1792, 1799లలో మైసూరు నుంచి నిజాం వాటాకు వచ్చిన ప్రాంతాలు కంపెనీకి వెళ్లాయి. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను ‘దత్త మండలాలు’ అన్నది అందుకే. మనం ఇప్పుడు రాయలసీమ అంటున్న నేల ఒకప్పుడు సైన్యం అద్దె కింద చేతులు మారిందన్నమాట.

అంతటితో ఆగలేదు. ‘హైదరాబాద్‌ కంటింజెంట్‌’ పేరుతో బ్రిటిష్‌ అధికారుల కింద మరో సైన్యం పుట్టుకొచ్చింది. ఖర్చు మళ్లీ నిజాందే. విలియం పామర్‌ అండ్‌ కంపెనీ లాంటి వడ్డీ వ్యాపార సంస్థల దగ్గర రాజ్యం భారీ వడ్డీకి అప్పులు చేసింది. కంటింజెంట్‌ బాకీ పేరుకుపోయిందని 1853లో డల్హౌసీ బీరార్‌, రాయచూర్‌ దోఅబ్‌, నల్‌దుర్గ్‌ ప్రాంతాల పాలన తీసుకున్నాడు. రాయచూర్‌, నల్‌దుర్గ్‌ 1860లో తిరిగొచ్చాయి. బీరార్‌ మాత్రం రాలేదు. దివాన్‌ మొదటి సాలార్‌ జంగ్‌ జీవితాంతం ప్రయత్నించినా ఫలితం లేదు. చివరికి 1902లో కర్జన్‌ ఏటా 25 లక్షల రూపాయలకు బీరార్‌ను శాశ్వత లీజు కింద ఖాయం చేశాడు.

‘లీజు’ అన్న మాట వినగానే కరెంట్‌ అఫైర్స్‌ చదివేవాళ్లకు హంబన్‌టోట గుర్తుకు రావాలి. 2017లో శ్రీలంక ఆ రేవును 99 ఏళ్లకు చైనా మర్చంట్స్‌ పోర్ట్‌ సంస్థకు ఇచ్చింది. ప్రతిగా వచ్చింది 112 కోట్ల డాలర్లు. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక చరిత్రలో తొలిసారి విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. అదే ఏడాది ఆగస్టులో, భారత్‌ అభ్యంతరం చెప్పినా, చైనా నౌక ‘యువాన్‌ వాంగ్‌ 5’ హంబన్‌టోటకు వచ్చింది.

ఇక్కడే చాలామంది అభ్యర్థులు తొందరపడి ‘చైనా అప్పుల ఉచ్చు’ అని ఒక్క ముక్కలో రాసేస్తారు. అది సగం నిజమే. శ్రీలంక విదేశీ అప్పుల్లో పెద్ద వాటా అంతర్జాతీయ బాండ్‌ మార్కెట్లది. లీజు సొమ్ము చైనా అప్పు రద్దుకు బదులుగా వచ్చిందీ కాదు. ఎగుమతులు పెంచుకోకుండా డాలర్లలో అప్పులు చేయడం, పన్నులు తగ్గించడం, కొవిడ్‌తో పర్యటకం పడిపోవడం.. అన్నీ కలిసి ముంచాయి. ఖజానా ఖాళీ అయితే అప్పిచ్చినవాడు ఎవరైనా తలుపు దగ్గర నిలబడతాడు. అసలు పాఠం అది. ఆ కష్టకాలంలో భారత్‌ సుమారు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది. కొంచెం ఊపిరి తీసుకున్నాక 2024లో శ్రీలంక విదేశీ పరిశోధన నౌకల మీద ఏడాది నిషేధం పెట్టింది. ఏ ఒక్క దేశం పేరూ ఎత్తకుండా అందరికీ ఒకే నియమం అంది. చిన్న దేశాల దౌత్యంలో ఇదొక పాత ఉపాయం.

మూడో తాళంచెవి: ఎవరితో మాట్లాడాలి?

1800 ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. కంపెనీకి చెప్పకుండా, దాని సలహా లేకుండా నిజాం మరే శక్తితోనూ సంప్రదింపులు జరపకూడదు. మొదటి రెండూ పోయినా ఈ ఒక్కటి మిగిలి ఉంటే బేరమాడే వీలుండేది. ఇంకొకరితో మాట్లాడగలిగినవాడికే బేరం ఉంటుంది. కూరగాయల మార్కెట్‌లో కూడా పక్క కొట్టు ఉన్నప్పుడే ధర తగ్గుతుంది.

ఈ సూత్రాన్ని ఇవాళ బాగా వంటబట్టించుకున్న దేశం వియత్నాం. 2019 రక్షణ శ్వేతపత్రంలో ‘నాలుగు వద్దులు’ చెప్పింది. సైనిక కూటముల్లో చేరం, ఒక దేశంతో కలిసి మరో దేశం మీదకు వెళ్లం, విదేశీ స్థావరాలకు చోటివ్వం, బలప్రయోగానికి దిగం. ఆ మాట మీద నిలబడి 2023 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు బైడెన్‌కు, డిసెంబరులో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్‌కు, 2024 జూన్‌లో రష్యా అధ్యక్షుడు పుతిన్‌కు హనోయ్‌లో స్వాగతం పలికింది. పది నెలల్లో ముగ్గురు! వంగుతుంది, విరగదు కాబట్టి దీన్ని ‘వెదురు దౌత్యం’ అంటున్నారు.

ఫిలిప్పీన్స్‌ది ఇంకో దారి. 1990ల మొదట్లో అమెరికా స్థావరాలను సాగనంపింది. 1995లో మిస్చీఫ్‌ రీఫ్‌ను చైనా ఆక్రమించింది. 2016లో హేగ్‌ ట్రైబ్యునల్‌ తీర్పు ఫిలిప్పీన్స్‌కు అనుకూలంగా వచ్చినా చైనా పట్టించుకోలేదు. ఖాళీ చేతులతో తటస్థంగా ఉంటే చాలదని తెలుసుకుని అమెరికాకు మళ్లీ దగ్గరైంది. అదే సమయంలో ఒక్కరి మీదే ఆధారపడకుండా 2022 జనవరిలో భారత్‌ నుంచి బ్రహ్మోస్‌ క్షిపణులకు ఆర్డర్‌ ఇచ్చింది. 2024 ఏప్రిల్‌లో తొలి విడత అందింది. ఒప్పందం విలువ దాదాపు 37.5 కోట్ల డాలర్లు.

మరి నిజాం తప్పు చేశాడా?

ఈ ప్రశ్నకు ‘అవును’ అని చెప్పడం తేలిక. కానీ ఎదుటి పక్షం వాదన కూడా బలమైనదే. లొంగకుండా పోరాడిన టిప్పు 1799 మే 4న శ్రీరంగపట్నంలో నేలకొరిగాడు. పీష్వా రాజ్యం 1818లో అంతరించింది. ఒప్పందం చేసుకున్న హైదరాబాద్‌ 1948 దాకా నిలిచింది. బతకడమే లక్ష్యమైతే నిజాం గెలిచినట్లే కదా?

నిలిచింది ఏమిటన్నదే చూడాలి. సింహాసనం, నాణేలు, తపాలా బిళ్లలు మిగిలాయి. యుద్ధం, శాంతి, భూమి, మిత్రులు.. వీటి మీద నిర్ణయం మిగల్లేదు. 1795లో ఓడిపోయిన మర్నాడు నిజాం ముందున్న దారులు తక్కువే, నిజమే. కానీ మూడు తాళంచెవులూ ఒకే చేతికి ఇవ్వడం వల్ల తర్వాతి తరాలకు ఆ కొద్ది దారులు కూడా మూసుకుపోయాయి. ఒకటి ఇచ్చినా మిగతావి దాచుకోవడం, ఇచ్చినదానికి గడువు పెట్టుకోవడం చిన్న రాజ్యం చేయాల్సిన పని.

ఇంకో తాళం ఉంది. అది లోపలి గడియ. 1798 సెప్టెంబరు 1 నుంచి సరిగ్గా 150 ఏళ్ల 16 రోజులకు, 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్‌ లొంగిపోయింది. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం చేసుకున్న ఏడవ నిజాం ఆ గడువును స్వతంత్రంగా ఉండటానికి వాడుకోవాలని చూశాడు. సిడ్నీ కాటన్‌ విమానాల్లో రహస్యంగా ఆయుధాలు తెప్పించారు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేశారు. చుట్టూ భారత్‌, ఎక్కడా సముద్రం లేదు. అన్నిటికీ మించి రాజ్యంలోని జనమే పాలకుడి వెంట లేరు. పల్లెల్లో సాయుధ పోరాటం, పట్నాల్లో స్టేట్‌ కాంగ్రెస్‌ సత్యాగ్రహం, వాటి మీద రజాకార్ల దౌర్జన్యాలు. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య అయిదు రోజుల్లో ముగిసింది. జనం తమది అనుకోని రాజ్యాన్ని ఏ ఆయుధమూ కాపాడలేదు.

ఇప్పుడు పెద్ద శక్తి మనమే

ఇంతవరకూ హైదరాబాద్‌ వైపు నుంచి చూశాం. దక్షిణాసియా పటం ముందు కూర్చుంటే మన స్థానం మారిపోతుంది. మాలే, కాఠ్‌మాండూ, థింపూ నుంచి చూస్తే పెద్ద శక్తి భారతే. దిల్లీ కళ్లతో మాత్రమే రాసే జవాబుల్లో ఈ కోణం ఉండదు.

మాల్దీవులనే తీసుకోండి. 1988లో కుట్రదారుల నుంచి ఆ దేశ ప్రభుత్వాన్ని కాపాడింది భారత సైన్యమే, ఆపరేషన్‌ కాక్టస్‌తో. అయినా 2023 ఎన్నికల్లో ‘ఇండియా అవుట్‌’ నినాదంతో ముయిజ్జు గెలిచారు. విమానాలు, హెలికాప్టర్లు నడిపే భారత సైనిక సిబ్బంది 2024 మేలో తిరిగొచ్చారు. వాళ్ల స్థానంలో సివిల్‌ సాంకేతిక సిబ్బంది వెళ్లారు. ఆ సిబ్బంది వందమంది లోపే. కానీ చిన్న దేశానికి మొదటి తాళంచెవి మీద ఎంత భయం ఉంటుందో అది చెబుతుంది. భారత్‌ కోపం తెచ్చుకుని తలుపులు మూయలేదు. డాలర్ల కొరత ముంచుకొచ్చినప్పుడు 2024 అక్టోబరులో 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ స్వాప్‌ ఇచ్చింది. 2025 జులైలో మాల్దీవుల 60వ స్వాతంత్య్ర దినోత్సవానికి మన ప్రధానే ముఖ్య అతిథి.

నేపాల్‌లో 2015లో జరిగింది ఇందుకు తిరకాసు ఉదాహరణ. కొత్త రాజ్యాంగం వివాదం వేళ సరిహద్దులో సరకు రవాణా నెలల తరబడి నిలిచిపోయింది. దిగ్బంధం తాము పెట్టలేదని భారత్‌ చెప్పింది. గ్యాసు, పెట్రోలు దొరకని జనం ఆ మాట నమ్మలేదు. 2016 మార్చిలో ప్రధాని ఓలీ బీజింగ్‌ వెళ్లి చైనాతో రవాణా ఒప్పందం చేసుకున్నారు. హిమాలయాలు దాటి వచ్చే ఆ దారి ఖర్చు ఎక్కువ, వాడకం తక్కువ. అయినా నేపాల్‌కు కావాల్సింది పక్క కొట్టు ఉందని చూపించడం.

ఈ రెంటికీ మించి నేర్పేది భూటాన్‌. 1949 ఒప్పందం ప్రకారం విదేశీ వ్యవహారాల్లో భూటాన్‌ భారత్‌ సలహా మేరకు నడుచుకోవాలి. అంటే మూడో తాళంచెవి మన దగ్గరుండేది. 2007లో ఆ నిబంధన తీసేసి కొత్త ఒప్పందం రాసుకున్నారు. తాళంచెవి తిరిగిచ్చేశాం. పదేళ్లకు, 2017లో డోక్లాంలో చైనా రోడ్డు వేయబోతే భూటాన్‌ చైనాకు నిరసన తెలిపింది. మన సైన్యం 73 రోజులు అక్కడ ఎదురు నిలిచింది. తాళంచెవి లాక్కున్నవాడికి భయంతో కూడిన విధేయత దొరుకుతుంది. తిరిగిచ్చినవాడికి పొరుగువాడి నమ్మకం దొరుకుతుంది. ఏది ఎక్కువ కాలం నిలుస్తుందో హైదరాబాద్‌, భూటాన్‌ కథలు పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

ఆదిబట్ల నుంచి చూస్తే

ఈ విషయం మీ ఉద్యోగాలకూ దగ్గరిదే. ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిబట్లలో టాటా-లాక్‌హీడ్‌ మార్టిన్‌ ఉమ్మడి సంస్థ సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు చేస్తోంది. టాటా-బోయింగ్‌ సంస్థ అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేస్తోంది. 26/11 దాడుల తర్వాత ఏర్పాటైన ఎన్‌ఎస్‌జీ ప్రాంతీయ కేంద్రం కూడా ఇబ్రహీంపట్నంలోనే ఉంది. బ్రహ్మోస్‌ క్షిపణుల కూర్పు హైదరాబాద్‌లో జరుగుతుంది. ఆకాశ్‌ క్షిపణులను తయారుచేసే బీడీఎల్‌ ఇక్కడిదే. ఆర్మేనియా లాంటి చిన్న దేశం ఆకాశ్‌ను కొనుక్కుంది.

అయితే తాళంచెవుల ప్రశ్న మనల్నీ వదల్లేదు. తేజస్‌ మార్క్‌-1ఏ యుద్ధ విమానాల కోసం 2021లో వాయుసేన ఆర్డర్‌ ఇచ్చింది. 2024 మార్చికల్లా మొదటి విమానం రావాలి. అమెరికా నుంచి రావాల్సిన జీఈ ఇంజిన్ల ఆలస్యం కూడా తోడై ఆ గడువు దాటిపోయింది. విమానం మనది, ఇంజిన్‌ వాళ్లది. భాగాలు తయారుచేయడం మంచి ఉద్యోగాలిస్తుంది. డిజైన్‌, ఇంజిన్‌, చిప్‌, సాఫ్ట్‌వేర్‌ మన దగ్గరుంటేనే తాళంచెవి మనదవుతుంది. ఇంజినీరింగ్‌ చదువుతున్నవాళ్లు మెటీరియల్స్‌, ప్రొపల్షన్‌, ఎంబెడెడ్‌ సిస్టమ్స్‌, సైబర్‌ సెక్యూరిటీ వైపు చూడాలనడానికి జీతం ఒక్కటే కారణం కాదు. ఆర్ట్స్‌ విద్యార్థులకూ చోటుంది. సింహళం, నేపాలీ, మాండరిన్‌ తెలిసి పొరుగు దేశాల పత్రికలు చదవగలిగేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ.

పరీక్షల్లో ఎలా వాడుకోవాలి?

మాదిరి ప్రశ్న: ‘పెద్ద శక్తుల పోటీలో చిన్న దేశం భద్రత దాని సైనిక బలం కంటే నిర్ణయ స్వేచ్ఛ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.’ చర్చించండి.

* పరిచయం: ‘చిన్న దేశం’ అంటే ఏమిటో రెండు వాక్యాల్లో. విస్తీర్ణం కాదు, పక్కనున్న శక్తితో తేడా.

* ప్రధాన భాగం: సైన్యం, ఖజానా, దౌత్య స్వేచ్ఛ అనే మూడు అంశాలు. ఒక్కో దానికి ఒక చరిత్ర ఉదాహరణ, ఒక వర్తమాన ఉదాహరణ చాలు. సైన్యానికి 1798, సింగపూర్‌. ఖజానాకు 1853 బీరార్‌, హంబన్‌టోట. దౌత్యానికి 1800, వియత్నాం.

* ఎదుటి వాదన: నిర్ణయ స్వేచ్ఛ ఒక్కటే చాలదని ఫిలిప్పీన్స్‌ అనుభవం చెబుతుంది. మైసూరు పతనం, హైదరాబాద్‌ కొనసాగింపు కూడా ఇక్కడ రాయొచ్చు. ఈ పేరా లేని జవాబు ఒంటిచేతి చప్పట్లా ఉంటుంది.

* భారత్‌ కోణం: మాల్దీవులు, నేపాల్‌, భూటాన్‌. పెద్ద పొరుగుగా మనం ఏం నేర్చుకున్నాం అన్నది.

* ముగింపు: ప్రజల మద్దతు లేని పాలనకు బయటి రక్షణ పనికిరాదన్న 1948 పాఠం.

గ్రూప్స్‌ ప్రిలిమ్స్‌ కోసం తేదీలు: 1766 ఉత్తర సర్కార్ల ఒప్పందం, 1795 ఖర్దా, 1798 సైన్య సహకారం, 1800 దత్త మండలాలు, 1853 బీరార్‌, 1902 శాశ్వత లీజు, 1947 యథాతథ ఒప్పందం, 1948 విలీనం. వరసలో గుర్తుపెట్టుకోండి. ఒక్కో తేదీ పక్కన ఏ తాళంచెవి పోయిందో రాసుకుంటే మర్చిపోరు.

డిఫెన్స్‌ వైపు వెళ్లేవాళ్లకు ఎస్‌ఎస్‌బీ గ్రూప్‌ డిస్కషన్‌లో కూడా ఇలాంటి అంశాలు రావచ్చు. అక్కడ గట్టిగా మాట్లాడటం కంటే ‘మాలేలో కూర్చుని ఆలోచిస్తే ఇలా కనిపిస్తుంది’ అని ఒక్క మాట అనగలిగితే మీ జవాబు మిగతావాటి నుంచి వేరుగా నిలుస్తుంది.